సింగపూరా, కౌలాలంపూరా, బ్యాంకాకా, టోక్యోనా? పిల్లలతో కదిలే జంటకు ఒక పోలిక

ఆసియాలో మరో దేశంలో ఉద్యోగం వచ్చిందనగానే ఇంట్లో మొదలయ్యేది మారకం రేటు లెక్క. అద్దె పోగా ఎంత మిగులుతుంది, ఇంటికి ఎంత పంపగలం, ఊళ్లో స్థలం ఎప్పటికి కొనగలం. ఆ లెక్క ఆఫర్ కాగితం చేతికి అందిన పూటే తేలిపోతుంది, దానికి నా సలహా అక్కర్లేదు. తేలకుండా మిగిలేది మరొకటి ఉంది. ఉద్యోగం ఒకరికి వస్తుంది, ఊరు మారేది మాత్రం ముగ్గురో నలుగురో. పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చే మనిషికి ఈ నాలుగు నగరాల మధ్య పెద్ద తేడా తెలియదు. రైలు, లిఫ్టు, మీటింగు, మళ్లీ రైలు. అక్కడ నిజంగా కాపురం చేసేది ఉద్యోగం రాని మనిషి. బడి వెతికేది, జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి పరిగెత్తేది, కుళాయి కారితే ఇంటి యజమానికి వచ్చీ రాని భాషలో చెప్పుకునేది ఆ మనిషే.

అందుకని నా పోలిక జీతంతో మొదలు కాదు. రెండో మనిషికి ఆ దేశం ఏ హక్కు ఇస్తుంది, పిల్లలకు ఏ బడి దొరుకుతుంది, అమ్మానాన్నలు వచ్చి పోగలరా, ఈ వరసలో చూస్తాను. డబ్బు సంగతి ఆఖరున.

మేము కౌలాలంపూర్‌లో కాపురం పెట్టి, తర్వాత సింగపూర్‌కు మారినవాళ్లం. బ్యాంకాక్‌లో మా ఆడపడుచు కుటుంబం ఉంది. టోక్యోలో మా వారి చిన్ననాటి స్నేహితుడి ఇల్లు ఉంది. రెండు ఊళ్లలో సొంత పొయ్యి వెలిగించాను, రెండు ఊళ్లలో అతిథిగా దిగి వంటింట్లో కూర్చుని చూశాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఇద్దరూ ఉద్యోగం చేయాలనుకుంటే సింగపూర్. ఒకరి జీతంతో, చిన్న పిల్లలతో, పెద్దవాళ్ల రాకపోకలతో సాగే సంసారమైతే కౌలాలంపూర్. పదేళ్లు ఉండిపోయే ఉద్దేశం, భాష నేర్చుకునే ఓపిక ఉంటే టోక్యో. బ్యాంకాక్‌ను రెండు మూడేళ్ల మజిలీగానే సిఫారసు చేస్తాను, అదీ బడి ఫీజు కంపెనీ కడితేనే.

రెండో మనిషి చేతిలో ఏ పాస్ ఉంటుంది?

సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్ అనే ఉద్యోగ అనుమతి ఉన్నవారు భార్యనో భర్తనో డిపెండెంట్ పాస్ అనే కుటుంబ అనుమతి మీద తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 6,000 సింగపూర్ డాలర్ల స్థిర జీతం ఉండాలి. ఒకప్పుడు ఆ పాస్ మీద వచ్చినవారు ఒక అనుమతి పత్రం తీసుకుని ఉద్యోగంలో చేరిపోయేవారు. 2021 మే నుంచి ఆ దారి దాదాపుగా మూసేశారు. ఇప్పుడు ఉద్యోగం చేయాలంటే వారికీ సొంత వర్క్ పాస్ ఉండాల్సిందే. ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు కనీస జీతాన్ని 2025లో 5,600 డాలర్లు చేశారు, ఫైనాన్స్ రంగానికి 6,200. వయసు పెరిగే కొద్దీ ఆ గీత పైకి పోతుంది, ప్రభుత్వం కూడా దాన్ని పెంచుతూనే ఉంది. దీనికి తోడు 2023 సెప్టెంబరులో కంపాస్ అనే మార్కుల పద్ధతి వచ్చింది. జీతం, చదువులతో పాటు ఆ కంపెనీలో ఏ దేశస్థులు ఎంతమంది ఉన్నారన్నదానికీ మార్కులుంటాయి. మనవాళ్లతో నిండిపోయిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆ చివరి లెక్క దగ్గర మార్కులు పడటం కష్టం. అయినా రెండో ఉద్యోగం ఇంగ్లిషుతో వెతుక్కోగల మార్కెట్లలో ఈ నాలుగింటిలో సింగపూర్‌దే పైచేయి. అనుభవమున్న టెస్టర్, అకౌంటెంట్, డేటా ఇంజినీరు అయితే ఆశ పెట్టుకోవచ్చు. కొత్తగా డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయిని పెళ్లి చేసి పంపిస్తూ అక్కడే ఏదో ఉద్యోగం దొరుకుతుందిలే అనే పెద్దలకు మాత్రం ఈ గీతల సంగతి ముందే చెప్పాలి.

జపాన్ చట్టం ఈ విషయంలో అందరికంటే ఉదారంగా ఉంటుంది. డిపెండెంట్ హోదాతో వెళ్లినవారు ఇమిగ్రేషన్ అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు ఏ మామూలు పనైనా చేసుకోవచ్చు. తలుపు తెరిచే ఉంటుంది, గడప మాత్రం భాష. జపనీస్ రాకపోతే దొరికేవి ఇంగ్లిషు మాట్లాడటం నేర్పే తరగతులు, భారతీయ హోటళ్లు, గిడ్డంగుల పని. నేర్చుకున్నవారికి మంచి ఉద్యోగాలే వచ్చాయి, వారు అప్పుడు సొంత వర్క్ వీసాకు మారిపోయారు. ఎంత కాలం పడుతుందన్నది ఇంట్లో పసిపిల్ల ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అక్కడ ఇంకో మెలిక ఉంది. హోయికుఎన్ అనే ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిశు సంరక్షణ కేంద్రంలో సీటు తల్లిదండ్రులిద్దరి పని గంటల పాయింట్ల మీద ఇస్తారు. ఉద్యోగం ఉంటేనే సీటు, సీటు ఉంటేనే ఉద్యోగం. పిల్లకు మూడేళ్లు నిండి యోచిఎన్ అనే కిండర్‌గార్టెన్‌కు వెళ్లే దాకా చాలామంది తల్లులు ఆ మెలికలోనే చిక్కుకుని ఉంటారు.

మలేషియాలో డిపెండెంట్ పాస్ మీద పని చేయకూడదు, సొంత పాస్ కావాలి. అక్కడ ఎంప్లాయ్‌మెంట్ పాస్‌లను జీతాన్ని బట్టి మూడు వర్గాలుగా చేశారు. మీ ఆఫర్ ఏ వర్గంలో పడుతుందో, ఆ వర్గానికి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు ఉందో లేదో సంతకం పెట్టకముందే హెచ్ఆర్ చేత మెయిల్‌లో రాయించుకోండి. నోటి మాట చెల్లదు.

థాయ్‌లాండ్‌లో కుటుంబానికి నాన్ ఓ వీసా ఇస్తారు. రెండో మనిషికి ఉద్యోగం ఇవ్వాలనుకున్న మామూలు కంపెనీకి ఒక్కొక్క విదేశీయుడికి నలుగురు థాయ్ ఉద్యోగులు ఉండాలి, 20 లక్షల బాట్‌ల మూలధనం చూపాలి. పెట్టుబడుల బోర్డు ప్రోత్సాహం ఉన్న సంస్థలకు సడలింపు ఉంటుంది. చిన్న కంపెనీలు ఈ తలనొప్పి ఎందుకని పక్కకు జరుగుతాయి. మా ఆడపడుచు ఎంబీఏ చదివింది. బ్యాంకాక్‌కు వచ్చాక ఆమె దరఖాస్తులు ఇంటర్వ్యూ దాకా బాగానే నడుస్తాయి, వర్క్ పర్మిట్ మాట రాగానే మీకు తర్వాత ఫోను చేస్తామంటారు.

డిపెండెంట్ పాస్ మీద ఉండి ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పని చేయవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఎవరో చేస్తున్నారు కదా అని కాదు, పాస్ ఇచ్చిన శాఖను రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును దాచుకుని అడుగు వేయండి.

బడి దగ్గర ఆగి ఆలోచించాలి

మొదట మీలో మీరు తేల్చుకోవాల్సింది, తిరిగి వెళ్తారా లేదా అని. మూడు నాలుగేళ్లలో విజయవాడకో హైదరాబాద్‌కో తిరిగి రావాలనుకునేవారికి సీబీఎస్ఈ ఉన్న ఊరు కావాలి. సింగపూర్‌లో, కౌలాలంపూర్‌లో, టోక్యోలో భారతీయ సిలబస్ బడులు ఉన్నాయి. టోక్యోలోని ఇండియా ఇంటర్నేషనల్ స్కూల్ 2004లో మొదలైంది, రెండేళ్ల తర్వాత గ్లోబల్ ఇండియన్ స్కూల్ వచ్చింది. బ్యాంకాక్‌లో బ్రిటిష్, అమెరికన్ బడులు కొల్లలు, భారతీయ సిలబస్‌కు మాత్రం ఎంపిక బాగా తక్కువ. ఆ బ్రిటిష్ బడి ఫీజు చూసి మా ఆడపడుచు భర్త ఇది నెలకా, ఏడాదికా అని అడిగాడు. టర్ముకు అన్నారు.

సింగపూర్ ప్రభుత్వ బడి గురించి మనవాళ్లలో పెద్ద మోజు ఉంది, ఆ మోజుకు కారణమూ ఉంది. కానీ విదేశీ పిల్లలకు ఒకటో తరగతి సీటు ఆఖరి దశలో, అంటే సింగపూర్ పౌరులకు, శాశ్వత నివాసులకు పంచగా మిగిలితే వస్తుంది. దానికీ ముందుగా ఆసక్తి తెలిపే దరఖాస్తు పెట్టుకోవాలి. పైతరగతుల్లో చేరాలంటే ఏఈఐఎస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విదేశీ పిల్లలకు ఫీజు పౌరులు కట్టే దానికి ఎన్నో రెట్లు. అయినా ఇంటర్నేషనల్ బడితో పోలిస్తే చవకే. ఇక మాతృభాష పీరియడు. అక్కడి బడుల్లో చైనీస్, మలయ్, తమిళంతో పాటు హిందీ, ఉర్దూ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ ఎంచుకోవచ్చు. ఆ జాబితాలో తెలుగు లేదు. తెలుగింటి పిల్ల మాతృభాష పరీక్షను హిందీలోనో తమిళంలోనో రాసి వస్తుంది. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది, పండుగలు ఘనంగా జరుగుతాయి. బడిలో మాత్రం తెలుగు లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

మగపిల్లలున్న ఇళ్లలో మరో ప్రశ్న ఉంది. దాన్ని ఆఖరి నిమిషం దాకా వాయిదా వేస్తారు. తల్లిదండ్రుల ద్వారా సింగపూర్ శాశ్వత నివాసం పొందిన మగపిల్లలు 18 ఏళ్ల వయసులో రెండేళ్లు పూర్తి స్థాయి సైనిక సేవ చేయాలి. సేవ చేయకుండా శాశ్వత నివాసం వదులుకుంటే ఆ అబ్బాయి తర్వాత ఎప్పుడైనా చదువుకో ఉద్యోగానికో దరఖాస్తు చేసినప్పుడు ఆ సంగతి అడ్డుపడుతుంది. సేవ మంచిదా చెడ్డదా అన్నది నా వాదన కాదు. పిల్లాడికి అయిదేళ్లప్పుడు మీరు పెట్టే సంతకం వాడి 18వ ఏట అమలులోకి వస్తుందని తెలిసి పెట్టండి.

జపాన్ ప్రభుత్వ బడి విదేశీ పిల్లలకూ ఉచితమే. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు 2019 అక్టోబరు నుంచి ప్రీస్కూల్ ఫీజు కూడా రద్దు చేశారు. వార్డు కార్యాలయం నుంచి పిల్లల భత్యం వస్తుంది. మూడేళ్ల లోపు బిడ్డకు నెలకు 15,000 యెన్లు, ఆ పైన సాధారణంగా 10,000. 2024 అక్టోబరు నుంచి తల్లిదండ్రుల ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తున్నారు. ఇన్ని చెప్పాక మధ్యాహ్న భోజనం గురించి చెప్పకపోతే అన్యాయం. మా వారి స్నేహితుడి ఇంట్లో నెల మొదట్లో బడి నుంచి ఒక కాగితం వస్తుంది. ఏ రోజు ఏం వడ్డిస్తారో, ఒక్కొక్క వంటకంలో ఏయే దినుసులు పడతాయో, ఎన్ని కెలోరీలో గడులు గీసి ఉంటుంది. ఆ ఇల్లాలు ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటుంది. గొడ్డుమాంసం, పందిమాంసం ఉన్న రోజుల చుట్టూ సున్నా చుడుతుంది. సూప్ ఉన్న రోజు మాత్రం వేలు పెట్టి అక్షరం అక్షరం వెతుకుతుంది, అందులో దాషీ ఏ రకమో అని. ఎండబెట్టిన చేప తురుము కాచిన నీళ్లు కావచ్చు, సముద్రపు నాచు కాచినవి కావచ్చు. చారులో చింతపండులా అది పైకి కనబడదు, అంతటా ఉంటుంది. సున్నా పడిన రోజు పిల్ల సంచీలో డబ్బా వెళ్తుంది. ఆ డబ్బాలో కూర రంగు కూడా ఆ రోజు బడి కూర రంగుకు దగ్గరగా ఉండేలా చూస్తుంది, పక్క పిల్లలు వేలెత్తి చూపకుండా. మాంసాహారం తినే ఇళ్లకు ఈ బాధ లేదు, వాళ్ల పిల్లలు ఆ భోజనాన్ని ఇష్టంగా తింటారు. శాకాహార కుటుంబమైతే ఇది ఏళ్ల తరబడి సాగే పని, ఒక్క రోజు పని కాదు.

మలేషియాలో విదేశీ పిల్లలు ఎక్కువగా ఇంటర్నేషనల్ బడులకే వెళ్తారు. ఫీజులు సింగపూర్‌లోని అలాంటి బడుల కంటే బాగా తక్కువ. ఒక్క జీతంతో ఇద్దరు పిల్లల్ని చదివించగల ఊరు ఈ నాలుగింటిలో అదే. పైగా అక్కడ తెలుగు ఉంది. రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి బ్రిటిష్ కాలంలో కోస్తా జిల్లాల నుంచి వెళ్లినవారి మునిమనవలు పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతో వంటి చోట్ల ఇప్పటికీ ఉన్నారు. మలేషియా తెలుగు సంఘం 1955లో పుట్టింది, పిల్లలకు తెలుగు నేర్పే పని దశాబ్దాలుగా చేస్తోంది. మా అమ్మాయికి అఆలు దిద్దించిన పెద్దావిడ పుట్టుక, చదువు, ఉద్యోగం అన్నీ మలేషియాలోనే. ఆమె తెలుగులో మా నాయనమ్మ కాలం నాటి మాటలు వినబడేవి. కొత్తగా ఐటీ ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు ఈ పాత తెలుగువారితో కలవకుండా తమలో తామే అపార్ట్‌మెంట్ సంఘాలు పెట్టుకోవడం చూస్తే నాకు చిరాకు. వెళ్లినవారు ఆ తలుపు తట్టండి.

అమ్మానాన్నలు వచ్చి పోవాలంటే

కాన్పుకో, పిల్లకు ఆటలమ్మ పోసినప్పుడో, ఇద్దరూ ఉద్యోగాల్లో నలిగిపోతున్నప్పుడో అమ్మకు ఫోను చేస్తాం. ఆమె ఎంత తేలిగ్గా విమానం ఎక్కగలదన్నది ఊరిని ఎంచుకునేటప్పుడు ఎవరూ రాసుకోని గడి.

మలేషియా 2023 డిసెంబరు నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా మాఫీ చేసింది. థాయ్‌లాండ్ కూడా ఆ ఏడాది నవంబరులోనే మాఫీ మొదలుపెట్టి, 2024 జూలైలో 60 రోజులకు పెంచింది. ఇవి పర్యాటకం కోసం ఇచ్చినవి, ఎప్పుడైనా మారతాయి, టికెట్ కొనే రోజున మరోసారి చూసుకోండి. సింగపూర్‌కు వీసా తప్పనిసరి. తల్లిదండ్రులను దీర్ఘకాలిక పాస్ మీద దగ్గర ఉంచుకోవాలంటే నెల జీతం కనీసం 12,000 డాలర్లు ఉండాలి. జపాన్‌కు వీసా కాగితాలు ఎక్కువ. వచ్చాక కూడా కొద్ది కాలపు సందర్శనే. హైలీ స్కిల్డ్ ప్రొఫెషనల్ హోదా ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 80 లక్షల యెన్లు దాటి, ఇంట్లో ఏడేళ్ల లోపు బిడ్డ ఉంటే మాత్రం అమ్మానాన్నలను కొన్నాళ్లు ఉంచుకునే ప్రత్యేక వీలు ఉంది. ఆ హోదాకు 70 పాయింట్లు కావాలి. 70 ఉంటే మూడేళ్లకు, 80 ఉంటే ఏడాదికే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు కాబట్టి, జపాన్ ఆఫర్ వచ్చినవారు మామూలు ఇంజినీరు వీసాతో సరిపెట్టుకోకుండా ముందు ఆ పాయింట్ల పట్టిక నింపి చూసుకోవాలి.

ప్రయాణం సంగతికి వస్తే, హైదరాబాద్ నుంచి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్‌లకు నేరుగా విమానాలున్నాయి. రాత్రి భోంచేసి ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. విశాఖ నుంచి సింగపూర్‌కు స్కూట్ సంస్థ విమానం ఉంది. టోక్యోకు ఢిల్లీలోనో బెంగళూరులోనో ఆగ్నేయాసియాలోనో విమానం మారాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఆ మార్పే పెద్ద పరీక్ష.

వంటిల్లు, ఇల్లు

కౌలాలంపూర్‌లో కరివేపాకు కోసం ఎవరూ ప్రణాళిక వేసుకోరు. బ్రిక్‌ఫీల్డ్స్ వీధిలో గోంగూర తప్ప అన్నీ దొరుకుతాయి, అదృష్టం బాగుంటే గోంగూర కూడా. సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు, టెక్కా మార్కెట్ ఉన్నాయి. పెరుమాళ్ల గుడికి వెళ్లి వచ్చేటప్పుడు వారానికి సరిపడా కూరలు తెచ్చుకోవచ్చు. కానీ సామాను సర్దేటప్పుడు ఒక జాగ్రత్త. సింగపూర్‌లో గసగసాలు నిషిద్ధం, మాదకద్రవ్యాల చట్టం కిందకు వస్తాయి. అమ్మ కూరపొడిలో కలిపి ఇచ్చిందేమో అడిగి మరీ పెట్టె మూయండి.

బ్యాంకాక్‌లో చేపల సాస్, రొయ్యల ముద్ద లేని వంట అరుదు. శాకాహారులు నేర్చుకోవాల్సిన గుర్తు ఒకటుంది, పసుపు జెండా మీద ఎర్రటి థాయ్ అక్షరం. దాన్ని జే అంటారు. అది ఉన్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. దాదాపు మన దసరా రోజుల్లోనే తొమ్మిది రోజుల జే పండుగ వస్తుంది, వీధంతా పసుపు జెండాలే. సీలోం ప్రాంతంలోని మారియమ్మన్ గుడిలో అదే సమయంలో నవరాత్రులు. మా అత్తగారు బ్యాంకాక్‌కు వస్తే ఆ రోజుల్లోనే వస్తానంటారు.

టోక్యోలో మనవాళ్లు ఎదొగావా వార్డులోని నిషి కసాయ్ చుట్టుపక్కల గుమిగూడారు. పప్పులు, మసాలాలు, భారతీయ బడి బస్సు అన్నీ అక్కడే. అయితే ఇల్లు అద్దెకు తీసుకోవడం మాత్రం నాలుగు నగరాల్లోకీ అక్కడే కష్టం. అడ్వాన్సు, తిరిగి రాని రెయికిన్ అనే కానుక సొమ్ము, హామీ సంస్థకు ఫీజు, ఏజెంటు కమీషను కలిపి నాలుగైదు నెలల అద్దె మొదటి రోజే కట్టాల్సి రావచ్చు. విదేశీయులకు ఇవ్వమని మొహం మీదే చెప్పే యజమానులు ఉన్నారు. మొదటి ఏడాది కంపెనీ పేరు మీద ఇల్లు ఇప్పించమని ఆఫర్ దశలోనే పట్టుబట్టండి.

గాలి గురించి కూడా అడగాలి, ముఖ్యంగా ఆయాసం వచ్చే పిల్లలుంటే. బ్యాంకాక్‌లో డిసెంబరు నుంచి మార్చి దాకా సన్నని ధూళి కమ్ముకుంటుంది, 2025 జనవరిలో వందల బడులు మూసేశారు. కౌలాలంపూర్, సింగపూర్‌లకు ఇండోనేషియా అడవుల పొగ కొన్ని ఏళ్లలో వస్తుంది, 2015లో రెండు చోట్లా బడులకు సెలవు ఇచ్చారు.

తిరగడానికి

నాలుగైదు వారాంతాలకు సింగపూర్ అయిపోతుంది. ఆ తర్వాత ఊరు దాటాల్సిందే, ఇండోనేషియా దీవి బాతామ్‌కు పడవ, మలేషియా సరిహద్దు ఊరు జొహర్ బహ్రూకు వంతెన. సెలవు రోజుల్లో ఆ వంతెన మీద పిల్లలతో ఇరుక్కున్నవారికి దాని సంగతి తెలుసు. కౌలాలంపూర్ నుంచి అయితే కారు తీస్తే కామెరాన్ కొండల తేయాకు తోటలు, రైలెక్కితే పినాంగ్. పినాంగ్‌లోని పాత నగరం జార్జ్‌టౌన్‌కు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పిల్లలకు మాత్రం అక్కడి గోడల మీద బొమ్మలూ, ఐస్ కచాంగ్ అనే మంచు తురుము తీపీయే గుర్తింపు. సింగపూర్‌లో కారు కొనాలంటే దానికంటే ముందు పదేళ్ల అనుమతి పత్రం వేలంలో కొనాలి, అదే లక్ష డాలర్లు దాటిన రోజులున్నాయి. మలేషియాలో అదే సొమ్ములో చిన్న భాగంతో పాత కారు కొనుక్కుని ఊళ్లు తిరిగాం.

థాయ్‌లాండ్ తిరగడానికి స్వర్గమే, రైలెక్కితే అయుత్తయా, విమానం ఎక్కితే కంబోడియాలోని సియెమ్ రీప్. కానీ అక్కడ నివాసం ఉండేవారికి రెండు ముళ్లున్నాయి. మామూలు వీసా మీద ఉన్నవారు 90 రోజులకోసారి చిరునామా తెలపాలి. దేశం దాటేముందు రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి, ఒకసారికి 1,000 బాట్‌లు, ఎన్నిసార్లయినా వచ్చేలా అయితే 3,800. అది లేకుండా సరిహద్దు దాటితే వీసా మీద ఇచ్చిన ఏడాది పొడిగింపు కాస్తా రద్దయిపోతుంది. నలుగురి ఇంట్లో నలుగురికీ విడివిడిగా కావాలి, చంకలో బిడ్డకు కూడా. జపాన్‌లో అదే పని ఎంత సులువంటే, నివాస కార్డు ఉన్నవారు వెళ్లేటప్పుడు ఒక చీటీ మీద గడిలో టిక్కు పెడితే చాలు, ఏడాదిలోపు తిరిగి రావచ్చు. షింకన్‌సెన్‌లో ఆరేళ్ల లోపు పిల్లలు విడిగా సీటు తీసుకోకపోతే టికెట్ లేదు, 11 ఏళ్ల దాకా సగం.

అమెరికా, యూరప్ పాస్‌పోర్టులవాళ్లు రాసే ఆసియా యాత్రా సలహాలు చదివి ప్రణాళిక వేసుకోవద్దు. శుక్రవారం రాత్రి బ్యాగు సర్దుకుని సియోల్ వెళ్లడం మన పాస్‌పోర్టుతో కుదరదు. మనకు తేలిక దేశాలు వేరు. నేపాల్, భూటాన్‌లకు వీసా అక్కర్లేదు, పైన చెప్పిన మాఫీ ఉన్నంత కాలం మలేషియా, థాయ్‌లాండ్‌లకూ అక్కర్లేదు, ఇండోనేషియాకు దిగాక ఇస్తారు, వియత్నాం, కంబోడియాలకు ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఈ పటం ముందు పెట్టుకుంటే కౌలాలంపూర్, బ్యాంకాక్ మధ్యలో ఉంటాయి, టోక్యో అంచున ఉంటుంది.

వైద్యం, కాన్పు

జపాన్ ఇక్కడ ఏకపక్షంగా గెలుస్తుంది. అక్కడి ఆరోగ్య బీమా ఉంటే వైద్యం బిల్లులో మన వాటా 30 శాతం. టోక్యో 23 వార్డుల్లో పిల్లలకు 18 ఏళ్ల వరకు అది కూడా కట్టనక్కర్లేదు. కాన్పుకు బీమా నుంచి 5 లక్షల యెన్లు ఇస్తారు. సింగపూర్‌లో విదేశీయులకు రాయితీ లేదు, ప్రసవ బీమాకు వేచి ఉండే కాలం ఉంటుంది, గర్భం వచ్చాక తీసుకుంటే పనికిరాదు. బ్యాంకాక్ ప్రైవేటు ఆసుపత్రులు హోటళ్లలా ఉంటాయి, బిల్లూ అలాగే. కౌలాలంపూర్ మధ్యస్తం.

ఎక్కడ పుట్టినా ఈ నాలుగు దేశాల్లో ఏదీ విదేశీయుల బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం ఇవ్వదు. ఏడాదిలోపు భారత రాయబార కార్యాలయంలో నమోదు చేయించాలి. జపాన్‌లో అయితే పుట్టిన 30 రోజుల్లో బిడ్డ నివాస హోదాకు కూడా దరఖాస్తు పెట్టాలి. పురుడు, నిద్రలేమి, పాస్‌పోర్టు ఫొటోకు కళ్లు తెరవని పసిబిడ్డ, వీటి మధ్య ఈ గడువు వచ్చి పడుతుంది, కాగితాలు ముందే నింపి ఉంచుకోండి.

ఇక డబ్బు, ఏ నెలలో వెళ్లాలి

సింగపూర్‌లో పన్ను తక్కువ, గరిష్ఠం 24 శాతం. కానీ ఎంప్లాయ్‌మెంట్ పాస్ ఉన్నవారికి అక్కడి ప్రావిడెంట్ ఫండ్ ఉండదు, పొదుపు మీ క్రమశిక్షణ మీదే. ఉద్యోగం మానేటప్పుడు పన్ను తేలే దాకా ఆఖరి జీతం కంపెనీ ఆపి ఉంచుతుంది, ఆ నెల అద్దె, విమానం ఖర్చు విడిగా దాచుకోండి. మలేషియాలో 2025 అక్టోబరు నుంచి విదేశీ ఉద్యోగులకూ ప్రావిడెంట్ ఫండ్ తప్పనిసరి అయింది, ఉద్యోగి నుంచి 2 శాతం, యజమాని నుంచి 2 శాతం. జపాన్‌లో పింఛను వాటా కోస్తారు. 2016 అక్టోబరు నుంచి భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రత ఒప్పందం అమలులో ఉంది కాబట్టి, భారత కంపెనీ అయిదేళ్ల లోపు పంపిస్తుంటే ధ్రువపత్రం తీసుకుని ఆ కోత తప్పించుకోవచ్చు.

జపాన్‌లో రెండో ఏడాది మరో దెబ్బ ఉంది. స్థానిక నివాస పన్ను కిందటి ఏడాది ఆదాయం మీద, సుమారు 10 శాతం, జూన్ నుంచి కోయడం మొదలవుతుంది. మొదటి ఏడాది చేతికొచ్చిన జీతం చూసి పెద్ద ఇల్లు తీసుకుంటే రెండో ఏడాది ఇబ్బంది పడతారు.

వెళ్లే నెల కూడా లెక్కే. మలేషియాలో క్యాలెండర్ ఏడాదిలో 182 రోజులు లేనివారికి మామూలుగా 30 శాతం ఏకరేటు పన్ను. ఏడాది చివర్లో చేరినవారికి మరుసటి ఏడాదితో కలిపి చూసే నిబంధన ఉంది, కాకపోతే కోసిన సొమ్ము తిరిగొచ్చే దాకా ఆగాలి. భారత్ వైపు చూస్తే, ఉద్యోగం కోసం వెళ్లేవారు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల లోపే ఉంటే పన్ను లెక్కలో నాన్ రెసిడెంట్ అవుతారు, అంటే సెప్టెంబరు మూడో వారంలోపు విమానం ఎక్కడం మేలు. పిల్లల బడి చూస్తే టోక్యోకు ఏప్రిల్, సింగపూర్ ప్రభుత్వ బడికి జనవరి, బ్రిటిష్ బడులకు ఆగస్టు, సెప్టెంబరు. పన్నుకు కుదిరిన నెల బడికి కుదరకపోతే, ఉద్యోగం వచ్చిన మనిషి ముందు వెళ్లి ఇల్లు చూసి ఉంచాలి. మిగతావాళ్లు ఇక్కడ పరీక్షలు ముగించుకుని వెళ్తారు. మా ఇంట్లో అలాగే చేశాం. ఆ మూడు నెలలు మా వారు పెరుగన్నం తిని బతికారు, నాకు మాత్రం సామాను సర్దడానికి తీరిక దొరికింది.